దొరతనము: ఒక మాట వెనుకనున్న చరిత్ర

"వాని దొరతనము మన యొద్ద సాగదు" అను మాట శ్రోతలకు క్రొత్త కాదు. ఇందు దొరతనమనగా గర్వముతో గూడిన నడవడి, ఎదుటివానిని చిన్నచూపు చూచు తీరు. కాని మన తాతల నాడు ప్రభుత్వమునకే దొరతనమని పేరు. ఉత్తరువులలోను, పుస్తకములలోను "దొరతనమువారు" అని వ్రాయుట వాడుక. పాలనను తెలుపు మాట పొగరును తెలుపు మాటగా నెట్లు మారినది?

దొర యనగా ప్రభువు, అధిపతి. జమీందారులకు చెల్లుచుండిన ఈ గౌరవము కుంఫిణీ కాలమున తెల్లవారికిని సంక్రమించినది. వారి స్త్రీలు దొరసానులైరి. అందరును ఒక్క తీరువారు కారు. 1800 నుండి 1807 వరకు దత్తమండలములలో కలెక్టరుగా నుండిన మన్రోను, 1852లో ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన కాటనును, అదే సంవత్సరమున తెలుగు నిఘంటువును ప్రకటించిన బ్రౌనును జనులు దొరలనియే పిలిచిరి. ఆ పిలుపులో నేటికిని ఆదరమే కలదు.

మన్యమున ఈ మాట వేరొక దారి నడచినది. అచ్చట కొండదొరలను తెగయే కలదు. 1922లో అల్లూరి సీతారామరాజు పక్షమున తెల్లదొరతనముపై తిరుగబడిన గాము సోదరులు గంటందొర, మల్లుదొరలు. అనగా దొరలే దొరలను ఎదిరించిరి! ఆ మల్లుదొరయే 1952 ఎన్నికలలో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.

తెలంగాణమున మాత్రము ఈ మాట చేదైనది. అచ్చట దొర యనగా గడీలో నుండి ఊరినేలు భూస్వామి. కూలి లేని వెట్టిచాకిరి, గడీ ముందు చెప్పులు విడిచి నడచుట, "నీ బాంచెన్" అని కాళ్ళు మ్రొక్కుట పేదల పాలబడినవి. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటము భూమి కొరకు మాత్రమే కాదు, ఈ అవమానమును తొలగించుకొనుటకు గూడ. 1949లో జాగీర్లు రద్దయ్యెను.

ఏలుబడి పోయినది; ఆ బింకము, ఆ పెత్తనము మాత్రము మాటలో మిగిలినవి. ఇచ్చట గమనింపదగిన భేద మొకటి కలదు. దొర యన్నది ఇతరులు మనసారా ఈయగల పిలుపు. దొరతనమన్నది తాను చూపుకొనునది. కాటను దొర యని గోదావరి రైతు తానై యన్నాడు. కచేరీ బల్ల వెనుక కూర్చుండి పేదవానిని గంటలకొలది నిలువబెట్టువానిని మాత్రము, "దొరతనము చూపుచున్నాడు" అందుము. ఏలినవారిని గూర్చి ఏలబడినవారు చెప్పిన తీర్పు ఈ ఒక్క మాటలో నిలిచియున్నది.