మడత తెర

మడత తెర అనగా రెండు లేక అంతకంటె ఎక్కువ చట్రాలను బందులతో కలిపి, వాటిపై గుడ్డ గానీ కాగితం గానీ కప్పి, గదిలో మరుగు కోసం నిలబెట్టే సాధనం. అవసరం తీరిన పిమ్మట దీనిని మడిచి గోడకు చేర్చవచ్చును. ఒకే గది ఉన్న ఇంటిలో బాలింతకు, రోగికి, బట్టలు మార్చుకొనేవారికి, పరీక్షలకు చదివే పిల్లలకు ఇది చాటు కల్పిస్తుంది.

చరిత్ర

తెర తెలుగువారికి కొత్త కాదు. పెళ్ళిలో వధూవరుల మధ్య పట్టే తెరసెల్ల, వీధినాటకంలో పాత్ర ప్రవేశానికి ముందు ఇద్దరు పట్టుకొనే తెర అందరూ ఎరిగినవే. తనంతట తాను నిలిచే మడత తెర మాత్రం చైనాలో పుట్టి, జపాను చేరి 'బ్యోబు' అనే పేరు పొందింది. గాలికి అడ్డు అని ఆ మాటకు అర్థం. నిగనిగలాడే పూతతో చైనాలో చేసిన పెద్ద తెరలు మన తూర్పుతీరపు రేవుల మీదుగా ఐరోపాకు ఎగుమతి అయ్యేవి. అందువలన అక్కడివారు వాటిని 'కోరమాండల్ తెరలు' అన్నారు.

గుడ్డ

కర్నూలు జిల్లా మంత్రాలయానికి సమీపంలోని ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. అక్కడి చేనేత సహకార సంఘాన్ని 1938లో మాచాని సోమప్ప స్థాపించారు. దుప్పట్ల వంటి దళసరి నూలుగుడ్డ తెరకు అనుకూలం. కొత్త గుడ్డ కొనలేనివారికి పాత నూలుచీర ఒకటి చాలును. 5.5 మీటర్ల పొడవు, 45 అంగుళాల వెడల్పు గల చీరను 72 అంగుళాల చొప్పున మూడు ముక్కలు చేసి, ప్రతి ముక్కను నిలువునా రెండుగా కత్తిరిస్తే ఆరు పట్టీలు వస్తాయి. మూడు చట్రాలకు రెండు వైపులా అవి సరిపోతాయి. కొత్త గుడ్డను ముందుగా ఉతికి ఆరబెట్టాలి. లేనిచో తరువాత ముడుచుకొనిపోతుంది.

తయారీ విధానం

# ఒక్కొక్క చట్రానికి 70 అంగుళాల నిలువు కర్రలు రెండు, 14 అంగుళాల అడ్డకర్రలు మూడు కావాలి. కర్ర 2 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉండాలి. చివరలు తొలిచి బిగించేందుకు, తరుగుకు కలిపి మొత్తం సుమారు 50 అడుగులు తీసుకోవాలి. ఎండిన వేపకర్ర పనికివస్తుంది. పచ్చికర్ర ఆరిన తరువాత వంకర తిరుగుతుంది.
# చట్రం వెడల్పు 18 అంగుళాలు, గుడ్డ కప్పే భాగం ఎత్తు 66 అంగుళాలు. మిగిలిన 4 అంగుళాలు కాళ్ళు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ సీమలో ఆ ఖాళీ గుండా గాలి ఆడుతుంది.
# మూలమట్టంతో మూలలు సరిచూడాలి. కాళ్ళు మినహా చట్రపు కర్ణాలు రెండూ సుమారు 68.4 అంగుళాలు ఉంటే అది సరైన దీర్ఘచతురస్రం.
# గుడ్డను ప్రతి అంచుకు మొదట మధ్యలో చిన్న మేకుతో బిగించి, అక్కడి నుండి మూలలకు సాగాలి. మూలల నుండి మొదలుపెడితే ముడతలు పడతాయి.
# ఒక్కొక్క కూడలికి మూడు చొప్పున ఆరు బందులు కావాలి. మొదటి కూడలి బందులు ముందు వైపుకు, రెండవ కూడలివి వెనుక వైపుకు మడిచేటట్లు అమర్చాలి. మరలు బిగించే ముందు దబ్బనంతో గుడ్డను పొడిస్తే దారాలు లాగుకొనిపోవు.

నిలబెట్టడంలో జాగ్రత్తలు

మడత తెరకు ఆధారం దాని కోణమే. తిన్నగా చాపిన తెర చిన్న తాకిడికే పడిపోతుంది. చట్రాల మధ్య కోణం 120 డిగ్రీలు ఉంచితే 54 అంగుళాల తెర సుమారు 47 అంగుళాల స్థలాన్ని కప్పుతుంది. ఆ ఏడు అంగుళాలు నష్టం కాదు, తెర పడిపోకుండా ఉండేందుకు అవసరమైన వంపు. పొయ్యి, దీపం, స్తంభపు పంకాలకు దూరంగా ఉంచాలి. పిల్లలు పట్టుకొని వ్రేలాడకుండా చూడాలి. తడిగుడ్డలు ఆరవేస్తే కర్ర ఉబ్బి, బందులు తుప్పు పడతాయి. గుడ్డ మాసినప్పుడు మేకులు ఊడదీసి, ఉతికి మరల బిగించవచ్చును.