అట్ల తద్ది

అట్ల తద్ది లేదా అట్ల తదియ తెలుగు స్త్రీలు జరుపుకునే ఒక ముఖ్యమైన పండుగ. ఇది ఆశ్వయుజ బహుళ తదియ నాడు, అనగా ఆశ్వయుజ పౌర్ణమి తరువాత మూడవ రోజున వస్తుంది. సాధారణంగా అక్టోబరు నెలలో పడుతుంది. వివాహిత స్త్రీలు భర్త ఆయురారోగ్యాల కొరకు, కన్యలు మంచి భర్త లభించుట కొరకు గౌరీదేవిని పూజించి ఉపవాసం ఉంటారు. దీనికి చంద్రోదయ ఉమా వ్రతం, గోరింటాకు పండుగ, ఉయ్యాల పండుగ అని కూడా పేర్లు ఉన్నాయి. 'తద్ది' అనునది 'తదియ'కు వాడుక రూపం.

ఆచరణ విధానం

పండుగ ముందురోజు రాత్రి చేతులకు, పాదాలకు గోరింటాకు పెట్టుకుంటారు. తదియ నాడు తెల్లవారుజామునే లేచి, సూర్యోదయానికి ముందుగా చద్దన్నం, గోంగూర పచ్చడి, పులుసు, పెరుగుతో భోజనం చేస్తారు. అటుపై చంద్రోదయం వరకు ఏమీ తినరు. కొందరు మంచినీరు కూడా త్రాగరు. బాలికలు ఆ చీకటిలోనే వీధులలో ఆటపాటలతో సందడి చేసి, చెట్లకు కట్టిన ఉయ్యాలలు ఊగుతారు.

సాయంత్రం గౌరీపూజ చేసి, బియ్యం, మినపపప్పు నానబెట్టి రుబ్బిన పిండితో పోసిన 11 అట్లను నైవేద్యంగా సమర్పిస్తారు. పదకొండు ముడులు వేసిన తోరం చేతికి కట్టుకుంటారు. చంద్రదర్శనం అయిన తరువాత ముత్తైదువకు అట్లు వాయనమిచ్చి, కథ చెప్పుకుని అక్షతలు తలపై వేసుకుని భోజనం చేస్తారు. వివాహానంతరం వ్రతానికి ఉద్యాపన చేసుకుంటారు. అట్ల సంఖ్య, ఉద్యాపన పద్ధతి ఆయా కుటుంబాల ఆచారాన్ని బట్టి మారుతుంటాయి.

వ్రత కథ

ఒక రాజకుమార్తె తన చెలికత్తెలతో కలిసి ఈ వ్రతం పట్టింది. సాయంత్రానికి ఆకలికి తాళలేక సొమ్మసిల్లిపోయింది. చెల్లెలి బాధ చూడలేని అన్న, చెట్టుకు అద్దం కట్టి, దూరాన మంట వేయించి, అద్దంలోని వెలుగును చూపి చంద్రుడు ఉదయించాడని నమ్మించాడు. ఆమె భోజనం చేసింది. కాలక్రమంలో చెలికత్తెలకు యోగ్యులైన భర్తలు లభించగా, ఆమెకు మాత్రం వృద్ధుల సంబంధాలే వచ్చాయి. దుఃఖంతో అడవికి పోయి తపస్సు చేయగా, పార్వతీ పరమేశ్వరులు ప్రత్యక్షమై జరిగిన వ్రతభంగాన్ని తెలిపారు. వ్రతాన్ని తిరిగి నియమంగా ఆచరించి ఆమె తగిన భర్తను పొందింది. అన్న ప్రేమతో చేసిన పనియే చెల్లెలికి కష్టం తెచ్చుట ఈ కథలోని విశేషం.

ఇతర పండుగలతో పోలిక

ఉత్తర భారతదేశంలో వివాహిత స్త్రీలు ఆచరించే కర్వా చౌత్ సాధారణంగా దీని మరునాడు, చవితి తిథిన వస్తుంది. అక్కడ మాసాన్ని పౌర్ణమితో ముగించి లెక్కిస్తారు కనుక ఆ రోజు వారికి కార్తీకమాసం అవుతుంది. అందులోనూ చంద్రదర్శనం వరకు ఉపవాసం, సోదరులు చూపిన దొంగ చంద్రుని కథ ఉన్నాయి. అయితే కన్యలకు, ఆటపాటలకు అట్ల తద్దిలో ప్రాధాన్యం ఎక్కువ. దీనికి నెల ముందు, భాద్రపద బహుళ తదియ నాడు ఉండ్రాళ్ళ తద్ది జరుపుకుంటారు.