పల్నాడు నీళ్లలో పసివాళ్ల ఈత

కృష్ణ ఒడ్డునే ఉన్నా పల్నాడు చాలాకాలం మెట్టసీమే. అయినా నీటితో దీని చెలిమి పాతది. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో మెట్ల కోనేరులు, రాతి స్నానఘట్టం ఉండేవని నాగార్జునకొండ తవ్వకాలు చూపాయి.

ఊళ్లలో ఈత నేర్చుకునే చోటు దిగుడుబావి. పిల్లాడి నడుముకు తాడు, వీపున ఎండిన సొరకాయ బుర్రలో బెండ్లో కట్టి దింపేవారు. తాడు రెండో కొస గట్టు మీది పెద్దల చేతిలో ఉండేది. ఆ పద్ధతికి ప్రాణం ఆ చెయ్యే.

1955 డిసెంబరు 10న నెహ్రూ కృష్ణపై నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ మెట్టచేలను తడిపింది. ఊళ్ల పక్కకే కొత్త ముప్పునూ తెచ్చింది. బావి నీరు నిలకడగా ఉంటుంది, కాలువ నీరు లాక్కుపోతుంది. సిమెంటు చేసిన ఏటవాలు గట్లు పాచిపట్టి జారితే ఈతగాడికైనా పైకి రావడం కష్టం.

ఇక చంటిబిడ్డల సంగతికొస్తే, ఏడాదిలోపు పిల్లలకు ఈతపాఠాలు మునక ముప్పును తగ్గిస్తాయనేందుకు ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. పసివాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దలు చేతికందే దూరంలో ఉండాలంటోంది. పల్నాటి మాచర్లలోనైనా, గురజాలలోనైనా చంటిబిడ్డ జలకాలాటకు కాలువ తగదు. లోతు తెలిసిన, శుభ్రమైన, గోరువెచ్చని నీళ్లు కావాలి.