ఏళ్ల తరబడి ఎదురుచూసిన పుస్తకం వచ్చాక పాఠకులు ఎందుకు చీలిపోతారు?

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాస్తున్న 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' నవలామాలలో ఐదోది 'ఎ డ్యాన్స్ విత్ డ్రాగన్స్'. దాదాపు ఆరేళ్ల నిరీక్షణ తర్వాత అది 2011 జులై 12న విడుదలైంది. వెయ్యి పేజీలు దాటిన ఆ పుస్తకం అచ్చు, ఈ-బుక్, ఆడియో రూపాల్లో కలిపి మొదటి రోజే దాదాపు 3 లక్షల ప్రతులు అమ్ముడైందని అమెరికా ప్రచురణకర్తలు ప్రకటించారు.

కానీ చివరి పేజీ తిప్పేసరికి పాఠకులు ఒక్క మాట మీద లేరు. మొత్తం నవలామాలలో ఇదే లోతైనదని కొందరన్నారు. ఇన్నేళ్లు ఆగింది ఇందుకేనా అని మరికొందరు నిట్టూర్చారు. 2012లో ఉత్తమ ఫాంటసీ నవలగా లోకస్ పురస్కారం అందుకుని, హ్యూగో పురస్కారానికి నామినేట్ అయిన పుస్తకమే చాలామంది అభిమానుల ఫిర్యాదుల జాబితాకూ ఎక్కింది.

తెలుగువారిలో చాలామందికి ఈ కథ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సిరీస్‌గానే తెలుసు. అయితే ఈ చీలిక ఒక్క పుస్తకానికి పరిమితమైనది కాదు. ఎదురుచూపుకూ పాఠకుడి తీర్పుకూ ఉన్న సంబంధం ఇందులో కనిపిస్తుంది. ఆ సంబంధం మన చందమామ పాఠకులకూ అనుభవమే.

ఆ ఆరేళ్లలో ఏం జరిగింది?

మొదటి మూడు నవలలు 1996 నుంచి 2000 మధ్య, సుమారు రెండేళ్లకొకటి చొప్పున వచ్చాయి. మూడో పుస్తకం తర్వాత కథను ఐదేళ్లు ముందుకు జరపాలని మార్టిన్ మొదట అనుకున్నారు. పిల్లలుగా ఉన్న పాత్రలు పెద్దవాళ్లవుతారు, డ్రాగన్లు ఎదుగుతాయి, అక్కడి నుంచి కథ అందుకోవచ్చన్నది ఆలోచన. రాస్తూ పోయేకొద్దీ అది కుదరలేదు. జరిగిపోయిన ఐదేళ్ల సంగతులు గతం తాలూకు జ్ఞాపకాలుగా చెప్పుకోవాల్సి రావడంతో ఆ పద్ధతిని వదిలేశారు.

తర్వాత మరో చిక్కు వచ్చింది. నాలుగో పుస్తకం ఒక సంపుటంలో పట్టనంత పెరిగింది. దాన్ని కాలక్రమం ప్రకారం రెండు ముక్కలు చేయకుండా, పాత్రలనూ ప్రాంతాలనూ బట్టి విడదీశారు. 2005లో వచ్చిన 'ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్'లో సగం పాత్రలే ఉన్నాయి. పాఠకులు ఎక్కువగా ఇష్టపడే జాన్ స్నో, టిరియన్, డెనెరిస్‌ల అధ్యాయాలు అందులో ఒక్కటీ లేవు. మిగతా సగం మరుసటి ఏడాది వస్తుందన్న ఆశను రచయిత ఆ పుస్తకం చివర్లోనే వ్యక్తం చేశారు. ఆ ఏడాది కాస్తా ఆరేళ్లయింది.

ఇక్కడ ఒక లెక్క గమనించాలి. ఆ ముగ్గురి కథ ఆగింది 2005లో కాదు, మూడో పుస్తకం వచ్చిన 2000లో. అంటే టిరియన్‌కు ఏమైందో తెలుసుకోవాలనుకున్న పాఠకుడు పదకొండేళ్లు ఆగాడు. పుస్తకం తెరిచేటప్పటికి అతని చేతిలో ఉన్న కొలబద్ద ఎంత పెద్దదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

నచ్చనివారు ఏమన్నారు?

ప్రధానమైన ఫిర్యాదు కథ కదలలేదని. టిరియన్ పడవ మీద, నది వెంట, సముద్రం మీద సాగించే ప్రయాణం చాలా అధ్యాయాలు తీసుకుంటుంది. అతను వెతుకుతున్న డెనెరిస్‌ను పుస్తకం పూర్తయ్యేలోగా కలిసి మాట్లాడనే లేడు. డెనెరిస్ మీరీన్ నగరంలో పాలన సమస్యల్లో చిక్కుకుపోతుంది. డ్రాగన్లున్న రాణి పన్నులు, పెళ్లి సంబంధాలు, సంధి ఒప్పందాల మధ్య నలిగిపోవడం చాలామందికి రుచించలేదు.

రెండోది ముగింపు గురించి. పుస్తకం పొడవునా రెండు పెద్ద యుద్ధాలకు రంగం సిద్ధమవుతుంది. ఒకటి ఉత్తరాన వింటర్‌ఫెల్ దగ్గర, ఇంకొకటి మీరీన్ దగ్గర. రెండూ తర్వాతి పుస్తకానికి వాయిదా పడ్డాయి. జాన్ స్నో కత్తిపోట్లకు గురయ్యే చోట అతని కథ ఆగిపోయింది. ఇన్నేళ్లు ఆగినవారికి చివర్లో మరో 'సశేషం' ఎదురైంది.

మూడోది, కొత్త పాత్రలు ఎక్కువయ్యాయని. ఐదో పుస్తకం దాకా వచ్చాక కూడా సింహాసనం మీద హక్కు చెప్పుకునే కొత్త యువరాజు రంగంలోకి దిగితే, కథ ముగింపుకు దగ్గరవుతోందా దూరమవుతోందా అన్న అనుమానం సహజం.

నచ్చినవారు ఏం చెప్పారు?

వీరి వాదన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. రాజ్యం గెలవడం గురించి ఫాంటసీ నవలలు చాలా ఉన్నాయి. గెలిచాక ఏలడం ఎంత కష్టమో చెప్పినవి తక్కువ. డెనెరిస్ బానిసలను విడిపించింది. కానీ విముక్తి తర్వాత ఆ నగరం దేని మీద బతకాలి, పాత యజమానులతో రాజీ పడాలా, పోరాడాలా అన్న ప్రశ్నలకు ఆమె దగ్గర సులువైన జవాబులు లేవు. గోడ దగ్గర జాన్ స్నోదీ అదే పరిస్థితి. తరతరాల శత్రువులను గోడ దాటించి లోపలికి రానిస్తే సొంత మనుషులే తిరగబడతారు. ఇద్దరు యువ పాలకుల వైఫల్యాన్ని పక్కపక్కన పెట్టి చూపడమే ఈ పుస్తకం చేసిన పని అని వీరంటారు.

చిత్రహింసల్లో తన పేరే మర్చిపోయిన థియాన్ గ్రేజాయ్ అధ్యాయాల విషయంలో మాత్రం రెండు వర్గాలకూ పెద్దగా భేదం లేదు. మొత్తం నవలామాలలోని మంచి రచనల్లో వాటిని లెక్కించేవారు చాలామంది ఉన్నారు.

కాలం గడిచేకొద్దీ మరో మార్పు వచ్చింది. నాలుగు, ఐదు పుస్తకాల సంఘటనలు చాలావరకు ఒకే కాలంలో జరుగుతాయి కాబట్టి, రెండింటి అధ్యాయాలనూ కలిపి ఒకే వరుసలో చదివే పద్ధతిని అభిమానులు తయారుచేసుకున్నారు. అలా చదివితే నెమ్మదితనం అంతగా బాధించలేదని చెప్పినవారు ఉన్నారు.

ఎదురుచూపు చదివే తీరును ఎలా మారుస్తుంది?

పుస్తకం రాని కాలంలో పాఠకుడు ఖాళీగా కూర్చోడు. ఉన్న పుస్తకాలనే మళ్లీ మళ్లీ చదువుతాడు, ఆధారాలు ఏరతాడు, తోటివారితో వాదిస్తాడు. జాన్ స్నో తల్లి ఎవరన్న ప్రశ్నకు అభిమానులు ఏళ్ల ముందే జవాబు ఊహించారు. టీవీ సిరీస్ తర్వాత దాన్ని నిజం చేసింది. ఇలా ఒక్కో పాఠకుడి మనసులో ఒక్కో ఐదో పుస్తకం తయారవుతుంది. అసలు పుస్తకం వచ్చాక దాన్ని నాలుగో పుస్తకంతోనే కాక, ఆ ఊహల పుస్తకంతో కూడా పోల్చి చూస్తాడు. ఊహించినట్టే జరిగితే కొత్తదనం లేదంటాడు. జరగకపోతే దారి తప్పిందంటాడు.

ఆగిన కాలాన్ని బట్టి కూడా తీర్పు మారుతుంది. 2011 ఏప్రిల్‌లో టీవీ సిరీస్ మొదలయ్యాక చాలామంది ఐదు పుస్తకాలనూ ఏకబిగిన చదివారు. వారికి మీరీన్ అధ్యాయాలు పెద్ద కథలో నెమ్మదిగా నడిచే ఒక ఘట్టం మాత్రమే. 2000 నుంచి ఆగినవారికి పదకొండేళ్ల తర్వాత దక్కిన భోజనం అదే. పేజీలు అవే, ఆకలి వేరు.

బాహుబలి మొదటి భాగం 2015 జులైలో, రెండోది 2017 ఏప్రిల్‌లో వచ్చాయి. మధ్యలో జనాన్ని పట్టి ఉంచింది ఒకటే ప్రశ్న: కట్టప్ప ఎందుకు చంపాడు? దానికి రెండో భాగం సూటిగా జవాబు చెప్పింది. మార్టిన్ పాఠకుల దగ్గర ఒక్క ప్రశ్న కాదు, పదుల కొద్దీ ఉన్నాయి. ఏ ఒక్క పుస్తకమూ అన్నింటికీ జవాబు చెప్పలేదు.

చందమామలో 'ఇంకా వుంది'

తెలుగులో ఫాంటసీని విడతలుగా చదివే అలవాటు చేసింది చందమామ. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 1970ల చివరి దాకా 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' వంటి సీరియళ్లు రాశారు. రచయిత పేరు పత్రికలో అచ్చయ్యేది కాదు. చిత్రా వేసిన బొమ్మలు, మొదట్లో గత సంచిక కథా సంగ్రహం, చివర్లో పాత్రలు ఏదో ఒక ప్రమాదం అంచున ఉండగా 'ఇంకా వుంది' అన్న మాట. పిల్లలూ పెద్దలూ దానికి అలవాటు పడ్డారు.

ఆ వరుసలోనూ ఒక విరామం ఉంది. పత్రిక వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణికి మాంత్రికులు, రాక్షసులు నిండిన కథలు అంతగా నచ్చేవి కావని చెబుతారు. 1960లలో 'రాకాసిలోయ' తర్వాత వాటి స్థానంలో బంకించంద్ర ఛటర్జీ 'దుర్గేశనందిని', దానికి కొనసాగింపుగా మరో రచయిత రాసిన 'నవాబునందిని' సీరియళ్లుగా వచ్చాయి. సాహిత్య విలువలో అవి తక్కువవి కావు. అయినా దాసరి సీరియళ్లకు అలవాటుపడిన పాఠకులు వాటితో సరిపెట్టుకోలేదని, పత్రిక సర్క్యులేషన్ తగ్గిందని చందమామ చరిత్ర చెప్పేవారు గుర్తుచేస్తారు. 1966లో 'పాతాళదుర్గం'తో మాంత్రికులు తిరిగొచ్చారు.

ఈ రెండు అనుభవాల మధ్య తేడా స్పష్టమే. చందమామ పాఠకుడికి తర్వాతి భాగం ఎప్పుడొస్తుందో తెలుసు. ఒక భాగం చప్పగా ఉన్నా నెల తిరిగేసరికి ఇంకొకటి చేతికొచ్చేది. కథ రెండు మూడేళ్లలో ముగిసేది. నిరాశను సర్దుకోవడానికి గడువు ఉండేది. ఎప్పుడొస్తుందో తెలియని పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. అందుకే అందులోని చిన్న లోపం కూడా పెద్దదిగా కనిపిస్తుంది.

వేరొకరు పూర్తిచేస్తే?

మార్టిన్ పాఠకుల మనసులో ఉన్న అసలు భయం నెమ్మదితనం గురించి కాదు. ఆయన 1948లో పుట్టారు. కథ అసంపూర్తిగా మిగిలిపోతుందేమోనన్నదే వారి బెంగ. ఫాంటసీ పాఠకులకు ఇది కొత్త కాదు.

రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టిన 'ది వీల్ ఆఫ్ టైమ్' కూడా ఇలాగే సాగింది. 2003లో వచ్చిన పదో పుస్తకం చాలావరకు, తొమ్మిదో పుస్తకం చివర్లోని పెద్ద సంఘటన జరుగుతున్నప్పుడు మిగతా పాత్రలు ఏం చేస్తున్నాయో చెప్పడానికే సరిపోయింది. కథ అంగుళం కదల్లేదని అభిమానులే మండిపడ్డారు. జోర్డాన్ 2007లో కన్నుమూశారు. ఆయన భార్య, సంపాదకురాలు అయిన హారియెట్ మెక్‌డూగల్ ఆ బాధ్యతను బ్రాండన్ శాండర్సన్‌కు అప్పగించారు. జోర్డాన్ వదిలివెళ్లిన రాతల ఆధారంగా ఆయన 2009, 2010, 2013లలో మూడు సంపుటాలు తెచ్చి, పద్నాలుగో పుస్తకంతో కథ ముగించారు. కథ వేగం పుంజుకుందని సంతోషించినవారు ఉన్నారు. కొన్ని పాత్రల మాటతీరు మారిపోయిందని నొచ్చుకున్నవారూ ఉన్నారు.

ఆగిన రచనను మరొకరు అందుకోవడం తెలుగువారికి బాగా తెలిసిన సంగతే. మహాభారతాన్ని ఫాంటసీ అనలేం గానీ, పోలిక ఇక్కడ పనికొస్తుంది. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపారు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి చివరిదాకా రాశారు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన ఆ ఖాళీని పూరించారు. తన పేరు చాటుకోకుండా, నన్నయే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే దాన్ని అంకితం చేశారు. ఆయన శైలి నన్నయ ధోరణిలో మొదలై తిక్కన ధోరణిలోకి ఒదిగిపోతుందని విమర్శకులు చెబుతారు. అతుకు కనిపించకుండా అతకడం సాధ్యమేనని ఆ పని చూపిస్తుంది. దానికి ఎంతటి కవి కావాలో కూడా చూపిస్తుంది.

రచయిత పాఠకుడికి బాకీ ఉన్నాడా?

ఐదో పుస్తకం ఆలస్యమవుతున్న 2009లోనే ఈ ప్రశ్న రచయిత నీల్ గైమన్ ముందుకు వచ్చింది. మార్టిన్ తమను నిరాశపరుస్తున్నారని పాఠకులు అనుకోవడం తప్పా అని ఒకరు అడిగారు. పుస్తకం కొన్నంత మాత్రాన రచయిత మీకు పనివాడు కాడని గైమన్ కాస్త ఘాటుగానే జవాబిచ్చారు.

ఆ జవాబులో న్యాయం ఉంది. తొందరపెట్టి రాయించుకున్న పుస్తకం ఎవరికీ ఉపయోగపడదు. అవతలి వైపు కూడా కొంత న్యాయం ఉంది. మొదటి సంపుటం అమ్మేటప్పుడు కథ పూర్తవుతుందన్న నమ్మకాన్నీ కలిపే అమ్ముతారు. పైగా తేదీలు చెప్పి తప్పినప్పుడు ఆ నమ్మకం మరింత దెబ్బతింటుంది. ఆరో పుస్తకం 'ది విండ్స్ ఆఫ్ వింటర్' గడువులు దాటిపోయాయని 2016 జనవరిలో మార్టిన్ స్వయంగా ప్రకటించారు. మూడొంతులు పూర్తయిందని 2022లో చెప్పారు. ఈలోగా టీవీ సిరీస్ పుస్తకాలను దాటిపోయి 2019లో ముగిసింది. చివరి సీజన్‌ను మళ్లీ తీయాలంటూ పెట్టిన పిటిషన్‌పై 15 లక్షలకు పైగా సంతకాలు చేశారు.

ఇప్పుడు చదవాలనుకునేవారికి

కథ ప్రస్తుతానికి ఐదో పుస్తకం దగ్గర ఆగి ఉందని తెలుసుకునే మొదలుపెట్టడం మంచిది. ముగింపు తప్పనిసరి అనుకునేవారికి పూర్తయిన 'ది వీల్ ఆఫ్ టైమ్' నయం. మార్టిన్‌నే ఎంచుకుంటే మొదటి మూడు పుస్తకాల తర్వాత నాలుగు, ఐదులను ఒకే పెద్ద నవలగా భావించి చదవవచ్చు. ఇతరుల అభిప్రాయాలు చూసేటప్పుడు మాత్రం, ఆ చెప్పినవారు ఐదింటినీ వరసగా చదివారా, ఒక్కోదాని కోసం ఏళ్లు ఆగారా అన్నది కూడా చూడాలి. ఆరో పుస్తకం వచ్చిన రోజున ఈ రెండు వర్గాల మధ్య దూరం మరింత పెరుగుతుంది.