ప్లాస్టిక్కునకు మెత్తదనము వచ్చిన కథ

కిఱ్ఱుచెప్పులకు ఆముదము పట్టించినచో మెత్తబడునని మీరెఱుగుదురు. ప్లాస్టిక్కును మెత్తబఱచు ద్రవ్యముల కథయు నట్టిదే.

1870లో అమెరికాయందు హయట్ సోదరులు నైట్రోసెల్యులోజునకు కర్పూరము చేర్చి సెల్యులాయిడు చేసిరి. 1926లో అచటనే వాల్డో సీమన్, రబ్బరును లోహమునకు అంటించు జిగురును వెదకుచు, నేడు మన పొలముల గొట్టములకు వాడు పీవీసీని కొన్ని చిక్కని ద్రవములతో కాచెను. జిగురు రాలేదు, రబ్బరువలె సాగు ముద్ద వచ్చెను! ద్రవము అణుమాలల నడుమ చేరి, వానిని జారనిచ్చును. విద్యుత్తీగల తొడుగులు, రక్తపు సంచులు అట్లు పుట్టినవే.

అయితే ఈ ద్రవము పీవీసీతో బంధింపబడదు. మెల్లగా వెలికి ఊరును. థాలేట్లు కొన్ని ఎలుకల సంతానశక్తిని చెఱచుట కనుగొనిరి. 2005లో ఐరోపా సమాఖ్య డీఈహెచ్‌పీ మున్నగు మూడింటిని ఆటబొమ్మలలో నిషేధించెను. ఉచితమే యందును. కాని రక్తపు సంచిలో ఆ డీఈహెచ్‌పీయే ఎఱ్ఱకణములు చితుకకుండ కాచుచున్నది. దానికి సరియగు మాఱు వెదకుట సులభము కాలేదు.