పదమూడుకి పన్నెండు

1997 సెప్టెంబర్ 20న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో ఆట ముగిసేసరికి స్కోరుబోర్డు మీద ఉన్న అంకెలు ఇవి: అడిలైడ్ 12.21, వెస్టర్న్ బుల్‌డాగ్స్ 13.13. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ తెలియనివాళ్లకి ఇవేవో దశాంశాల్లా కనిపిస్తాయి. చుక్కకి ముందున్నవి గోల్స్, తర్వాతవి 'బిహైండ్'లు. కోడిగుడ్డు ఆకారపు మైదానానికి రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్యనున్న రెండు పొడుగు స్తంభాల నడుమ నుంచి తన్నిన బంతి పోతే గోల్, ఆరు పాయింట్లు. పొడుగు స్తంభానికీ దాని పక్కనున్న పొట్టి స్తంభానికీ మధ్య నుంచి పోతే బిహైండ్, ఒక్క పాయింటు. గురి తప్పినందుకు ఇచ్చే ఓదార్పు బహుమతి అన్నమాట. లెక్క వేస్తే అడిలైడ్‌కి 93, బుల్‌డాగ్స్‌కి 91. పదమూడు గోల్స్ కొట్టినవాళ్లు ఓడిపోయారు, పన్నెండు కొట్టినవాళ్లు గెలిచారు. ఇరవై ఒక్కసార్లు గురి తప్పి మరీ గెలిచారు. మరుసటి వారం గ్రాండ్ ఫైనల్ కూడా గెలిచి తమ మొదటి కప్పు ఇంటికి పట్టుకుపోయారు.

పందొమ్మిదేళ్ల తర్వాత, 2016 సెప్టెంబర్ 24న, సిడ్నీలో అదే దశ మ్యాచ్. గ్రాండ్ ఫైనల్‌కి ముందు మెట్టయిన దీన్ని ప్రిలిమినరీ ఫైనల్ అంటారు. గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జెయింట్స్ 12.11, బుల్‌డాగ్స్ 13.11. మళ్లీ పదమూడుకి పన్నెండే. ఈసారి బిహైండ్లు సమానం, తేడా సరిగ్గా ఒక్క గోల్, ఆరు పాయింట్లు. వారం తర్వాత బుల్‌డాగ్స్ గ్రాండ్ ఫైనల్లో సిడ్నీ స్వాన్స్‌ని 22 పాయింట్ల తేడాతో ఓడించి, 1954 తర్వాత మొదటిసారి కప్పు ఎత్తారు.

ఈ రెండు జట్లనీ పోల్చడం మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక కాలక్షేపం. ఆ శివార్లలో కాపురం పెట్టిన బోలెడుమంది తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇక్కడ ఈ పోలిక ఎప్పుడూ ఒకే తీర్పుతో ముగుస్తుంది: 97 వాళ్లకి ఒత్తిడి తట్టుకోవడం రాలేదు, 2016 కుర్రాళ్లకి భయమంటే తెలియదు కాబట్టి గెలిచారు. వినడానికి బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఇది చరిత్ర అనిపించదు. గెలిచినవాడి వైపు నుంచి వెనక్కి అల్లిన కథ అనిపిస్తుంది.

ముందు ఆ క్లబ్బు సంగతి. 1996 దాకా దాని పేరు ఫుట్స్‌క్రే. బార్క్‌లీ వీధి వెంట నడిస్తే దోసెల హోటళ్లు, పచారీ కొట్లు దాటుకుంటూ వచ్చి విట్టెన్ ఓవల్ మైదానం తగులుతుంది. మనవాళ్లు చాలామంది దాని పక్కనే కారు ఆపి కరివేపాకు కొనుక్కుని వెళ్లిపోతారు. ఒకప్పుడు ఫ్యాక్టరీలూ రేవు కూలీలూ వలసొచ్చినవాళ్లూ ఉన్న పేట ఇది. పోషించే శ్రీమంతులు లేని క్లబ్బు. 1954లో చార్లీ సటన్ కెప్టెనూ కోచూ తానే అయి జట్టుని నడిపి, గ్రాండ్ ఫైనల్లో మెల్‌బోర్న్‌ని 51 పాయింట్లతో ఓడించాడు. 1961లో మళ్లీ గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లి హాథార్న్ చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత అంతే.

1989 అక్టోబర్‌లో అప్పులపాలైన ఈ క్లబ్బుని ఫిట్జ్‌రాయ్ క్లబ్బుతో కలిపేస్తున్నామని లీగ్ ప్రకటించింది. పెళ్లికూతుర్ని అడక్కుండా ముహూర్తం పెట్టినట్టు. పేటలో జనం డబ్బాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. పీటర్ గోర్డన్ అనే లాయరు ముందు నిలబడ్డాడు, కోర్టుకెళ్లారు, కొద్ది వారాల్లోనే పది లక్షల డాలర్లకి పైగా పోగుచేశారు. విలీనం ఆగింది. కానీ ఫిట్జ్‌రాయ్ బతకలేదు. 1996 చివర్లో దాన్ని బ్రిస్బేన్‌లో కలిపేశారు. అదే ఏడాది బుల్‌డాగ్స్ పదిహేనో స్థానంలో ముగించారు, కోచ్ మధ్యలో పోయాడు, ఫుట్స్‌క్రే అన్న పేరు తీసేసి వెస్టర్న్ బుల్‌డాగ్స్ అని పెట్టుకున్నారు. ఆ సీజన్‌ని మైకేల్ కార్డెల్ 'ఇయర్ ఆఫ్ ద డాగ్స్' పేరుతో డాక్యుమెంటరీగా తీశాడు. అందులో మధ్యలో పగ్గాలందుకున్న కోచ్ టెరీ వాలస్ ఒక ఓటమి తర్వాత ఆటగాళ్ల మీద విరుచుకుపడే దృశ్యం ఒకటుంది. బాగా పోరాడి ఓడారని బయట ఎవరైనా భుజం తడితే తనకి వాంతొస్తుందన్నట్టు మాట్లాడతాడు. గౌరవప్రదమైన ఓటమి ఆ క్లబ్బుకి అంత అలవాటైపోయింది మరి.

వాలస్ మరుసటి ఏడాది ఈ జట్టునే మూడో స్థానానికి తీసుకెళ్లాడు. కెప్టెన్ స్కాట్ విండ్. చిన్నవాడే గానీ ఎవర్నీ వదలని టోనీ లిబరటోర్, అందరూ 'లిబ్బా' అనేవారు, 1990లోనే లీగ్ ఉత్తమ ఆటగాడిగా బ్రౌన్‌లో పతకం అందుకున్నవాడు. ఇక క్రిస్ గ్రాంట్. 1996లో కొత్తగా లీగ్‌లోకి వస్తున్న పోర్ట్ అడిలైడ్ అతనికి పెద్ద మొత్తం ఇస్తామంది. వెళ్లిపోవద్దని ఒక పిల్లాడు ఉత్తరంతో పాటు 20 సెంట్ల నాణెం పంపించాడట. గ్రాంట్ ఉండిపోయాడు. 1997 బ్రౌన్‌లో లెక్కింపులో అతనికి 27 ఓట్లు వచ్చాయి, సెయింట్ కిల్డా ఆటగాడు రాబర్ట్ హార్వీకి 26. పతకం మాత్రం హార్వీకి వెళ్లింది. సీజన్ మొదట్లో గ్రాంట్ మీద ఒక మ్యాచ్ నిషేధం పడింది, నిషేధం పడ్డవాళ్లు అనర్హులు. ఆ రోజు మైదానంలో అంపైర్లు అతని తప్పు పట్టనే లేదు. లీగ్ తర్వాత వీడియో చూసి కేసు పెట్టింది. మనూళ్లో దీన్ని జాతకం అంటారు. నేను జాతకాలు నమ్మను గానీ ఆ ఏడాది ఆ క్లబ్బు సంగతి చూస్తే కొంచెం మెత్తబడతాను.

ఆ మ్యాచ్ రికార్డింగు నేను చాలాసార్లు చూశాను. చివరి క్వార్టర్ మొదలయ్యేటప్పటికి బుల్‌డాగ్స్ 22 పాయింట్లు ముందున్నారు. ఆ క్వార్టర్లో వాళ్లకి ఒక్క గోల్ కూడా రాలేదు. మధ్యలో లిబ్బా ఒక బంతి తన్నాడు, గోల్ అనుకుని చేతులెత్తి సంబరం మొదలెట్టాడు, చుట్టూ ఉన్నవాళ్లు మీదపడి కావలించుకున్నారు. స్తంభాల దగ్గర నిలబడ్డ అంపైరు వేళ్లు రెండు కాదు, ఒకటే చూపించాడు. బిహైండ్. ఆరు రావాల్సిన చోట ఒకటి. వీడియో చూసి సరిచూసే పద్ధతి లీగ్‌లోకి 2012లో గానీ రాలేదు, కాబట్టి అప్పుడు అప్పీలు లేదు. ఆ తర్వాత డారెన్ జార్మన్ గోల్‌తో అడిలైడ్ ముందుకొచ్చింది. ఓడింది రెండు పాయింట్ల తేడాతో. లిబ్బాది గోల్ అయ్యుంటే గెలిచేవారని సూటిగా చెప్పలేం. గోల్ అయితే బంతి మళ్లీ మధ్యకి వెళ్తుంది, ఆట వేరేగా సాగుతుంది. ఈ చిన్న సంగతి మరిచిపోయి ఆ ఒక్క బిహైండ్ మీద పాతికేళ్లుగా వాదించుకుంటున్నారు.

ఇందులో ఒత్తిడికి లొంగిపోవడం ఎక్కడుందో నాకు కనబడదు. ఒక జట్టు గంటన్నర మెరుగ్గా ఆడింది, అరగంట ఆడలేకపోయింది, అవతలివాళ్లు ఆ ఏటి ఛాంపియన్లు. 1998లో బుల్‌డాగ్స్ రెండో స్థానంలో ముగించి మళ్లీ ప్రిలిమినరీ ఫైనల్‌కి వచ్చారు. మళ్లీ అడిలైడే ఎదురై 68 పాయింట్లతో చిత్తుచేసింది. ఆ ఓటమి గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడడానికి ఏమీ లేదు. 1985 నుంచి 2010 దాకా ఈ మెట్టు మీద ఏడుసార్లు జారిపడ్డారు.

2016 జట్టు విషయానికొస్తే, కాగితం మీద అది 97 జట్టుకి సాటిరాదు. ఏడో స్థానంలో ముగించింది, ఏడో స్థానం నుంచి వచ్చి కప్పు గెలిచిన జట్టు అంతకుముందు లేదు. రెండేళ్ల ముందే కెప్టెన్ వేరే క్లబ్బుకి వెళ్లిపోయాడు, కోచ్ మారాడు. కొత్త కెప్టెన్ బాబ్ మర్ఫీకి మూడో రౌండ్లోనే మోకాలు పోయింది. అతని బదులు ఈస్టన్ వుడ్ నాయకత్వం వహించాడు. కుర్రాళ్లంటే నిజంగా కుర్రాళ్లే: మార్కస్ బాంటెంపెల్లీకి 20, ఐదున్నర అడుగుల కేలబ్ డానియల్‌కి 20, జోష్ డంక్లీకి 19. డంక్లీ 1997 జనవరిలో పుట్టాడు. లిబ్బా చేతులెత్తిన రోజుకి ఎనిమిది నెలల పసివాడు.

వీళ్లు పెర్త్ వెళ్లి వెస్ట్ కోస్ట్‌ని 47 పాయింట్లతో ఓడించారు. వరుసగా మూడు కప్పులు కొట్టిన హాథార్న్‌ని 23తో ఓడించారు. జెయింట్స్‌తో ఆటలో జాక్ మెక్రే తన్నిన గోల్‌తో ఆఖర్లో గట్టెక్కారు. కోచ్ ల్యూక్ బెవరిడ్జ్ ఒకరిద్దరు తారల మీద ఆధారపడే ఆట ఆడించలేదు. గుంపులో ఇరుక్కున్న బంతిని పిడికిలితో కొట్టి పక్కవాడికి, అతను ఇంకో పక్కవాడికి, అలా చకచకా బయటికి తీసే ఆట అది. ఎవరు గాయపడినా ఆ స్థానంలో ఇంకొకరు సరిపోతారు. అదృష్టం కూడా కలిసొచ్చింది. నాకౌట్ మ్యాచ్‌లకి ముందు అన్ని జట్లకీ ఒక వారం విరామం ఇవ్వడం ఆ ఏడాదే మొదలైంది. గాయాలతో బయటున్న మెక్రే, టామ్ లిబరటోర్ ఆ వారం పుణ్యమా అని జట్టులోకి తిరిగొచ్చారు. గ్రాండ్ ఫైనల్లో ఫ్రీ కిక్‌లు బుల్‌డాగ్స్‌కి 20 వస్తే సిడ్నీకి 8 వచ్చాయి. సిడ్నీవాళ్లు ఈ లెక్క మరచిపోలేదు, మరచిపోవాల్సిన అవసరమూ లేదు. 97లో అంపైరు వేలు గురించి ఏడ్చేవాళ్లు 2016లో ఈ అంకెని కూడా పక్కన రాసుకోవాలి.

టామ్ లిబరటోర్ అన్నాను కదా, అతను లిబ్బా కొడుకే. ఈ లీగ్‌లో తండ్రి ఒక క్లబ్బుకి వంద మ్యాచ్‌లు ఆడుంటే కొడుకుని తీసుకునే మొదటి హక్కు ఆ క్లబ్బుకే ఉంటుంది. సినిమా వారసుల్ని వెక్కిరించడం మనకి అలవాటే, నాకూ అలవాటే. ఇక్కడ మాత్రం వెక్కిరించబుద్ధి కాదు, ఎందుకంటే కొడుక్కి తండ్రి బాకీ కూడా వస్తుంది. 97 ఆట నాటికి టామ్‌కి ఐదేళ్లు. ఆ ఓటమి వాళ్లింట్లో దొరకని విషయం కాదు. అదే జట్టులో లాకీ హంటర్ కూడా పాత ఆటగాడి కొడుకే. కాలు విరిగి గ్రాండ్ ఫైనల్‌కి దూరమైన మిచ్ వాలిస్ కూడా అంతే. 'గతం తెలియని కుర్రాళ్లు' అనే మాట ఇక్కడే తప్పిపోతుంది. బెవరిడ్జ్ కూడా 1993 నుంచి 95 దాకా ఫుట్స్‌క్రే జెర్సీ వేసుకున్నవాడే. క్లబ్బు అధ్యక్షుడు మళ్లీ పీటర్ గోర్డనే. ఫుట్‌బాల్ విభాగం డైరెక్టరు క్రిస్ గ్రాంట్. ఓడినవాళ్లు ఎక్కడికీ పోలేదు, భవనంలోనే ఉన్నారు.

గ్రాండ్ ఫైనల్ని ఖాయం చేసిన ఘట్టం చూసినా అంతే. చివరి క్వార్టర్లో సిడ్నీ మేటి ఆటగాడు లాన్స్ ఫ్రాంక్లిన్‌ని డేల్ మోరిస్ వెనకనుంచి పట్టి కూల్చాడు. జారిన బంతిని 21 ఏళ్ల టామ్ బోయ్డ్ అందుకుని చాలా దూరం నుంచి తన్నాడు, అది దొర్లుకుంటూ పోయి గోల్ అయింది. ఆ గోల్ అందరికీ గుర్తుంది. పట్టినవాడు 33 ఏళ్లవాడు, 2008, 2009 ప్రిలిమినరీ ఓటముల్లో ఆడినవాడు. వెన్నెముక చిట్లి ఉండగానే ఆడాడని తర్వాత తెలిసింది.

బహుమతులప్పుడు బెవరిడ్జ్ మర్ఫీని వేదిక మీదికి పిలిచి, కోచ్‌గా తనకి వచ్చిన పతకం తీసి అతని మెళ్లో వేశాడు. ఆ దృశ్యం చూసి ఏడవని బుల్‌డాగ్స్ అభిమాని నాకు ఇంతవరకూ తగల్లేదు. మర్ఫీకి దొరికిన ఆ నిమిషం లాంటిది 97 వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు. నా మటుకు, పేరు పోగొట్టుకున్న మరుసటి ఏడాదే, పక్క క్లబ్బు చచ్చిపోవడం చూసిన మర్నాడే, మూడో స్థానానికి ఎక్కి ఈ క్లబ్బు చూడదగ్గదని జనానికి నమ్మకం కలిగించినవాళ్లు వాళ్లే. విట్టెన్ ఓవల్‌లో చివరి లీగ్ మ్యాచ్ ఆడింది కూడా ఆ ఏడాదే. వాళ్లని 2016కి ముందుమాటలా చదవడం నాకు ఇష్టం ఉండదు.

పైగా 2016 తర్వాత జరిగింది చూడండి. ఇంత చిన్న వయసు జట్టు, ఇంకో మూడు నాలుగు కప్పులు ఖాయం అన్నారు. 2017లో పదో స్థానం, నాకౌట్ దశకి కూడా చేరలేదు. బోయ్డ్ 23 ఏళ్లకే, 2019లో, మానసిక ఆరోగ్యం, వెన్నునొప్పి కారణంగా ఆట మానేశాడు. 2021లో మళ్లీ గ్రాండ్ ఫైనల్. కోవిడ్ వల్ల పెర్త్‌లో పెట్టారు. బాంటెంపెల్లీ కెప్టెన్, మెక్రే, టామ్ లిబరటోర్, డానియల్, డంక్లీ అందరూ ఉన్నారు. మూడో క్వార్టర్ మధ్యలో 19 పాయింట్లు ముందున్నారు. తర్వాత మెల్‌బోర్న్ గోల్ మీద గోల్ కొడుతూ పోయింది. చివరికి 74 పాయింట్ల తేడా. ఆ రాత్రి బాంటెంపెల్లీకి 25 ఏళ్లు. 1997 సెప్టెంబర్‌లో క్రిస్ గ్రాంట్‌కి 24. గ్రాంట్ ఆ తర్వాత ఇంకో పదేళ్లు అదే జెర్సీలో ఆడాడు, 341 మ్యాచ్‌లు పూర్తిచేశాడు. ఒక్క గ్రాండ్ ఫైనల్ కూడా అందులో లేదు.