లక్ష్యం ఎవరు?

హార్మోన్ల శాస్త్రంలో ‘టార్గెట్ సెల్’ అనే మాట ఉంది. ‘లక్ష్య కణం’ అన్నమాట. అది చదివినప్పుడల్లా నాకు కుటుంబ నియంత్రణ టార్గెట్లే గుర్తొస్తాయి. ఏడాదికి ఇన్ని ఆపరేషన్లని ఏఎన్ఎంల మెడకు చుట్టిన ఆ టార్గెట్లను కేంద్రం 1996లో కాగితం మీద ఎత్తేసింది. ఈ రెండు లక్ష్యాలూ స్త్రీ శరీరంలో కలుసుకున్న చరిత్ర మన హైదరాబాదు పక్కనే ఉంది.

1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను ప్రయోగాత్మకంగా ఇవ్వబోయారు. ఇదింకా పరీక్షలో ఉన్న మందని వచ్చిన పేద స్త్రీలకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి అడిగితేనే సంగతి బయటపడింది. 1986లో సంఘటన, ఢిల్లీ సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను తెచ్చిందీ ఆ ఏడే. రెండూ ‘ఆమెను అడిగారా?’ అన్న ప్రశ్న నుంచే పుట్టాయని నాకనిపిస్తుంది.

ఇంతకీ ఆ మందు ఏం చేస్తుంది? ప్రొజెస్టరాన్‌ను పోలిన కృత్రిమ హార్మోన్ అది. రెండు నెలలకోసారి 200 మిల్లీగ్రాములు కండరంలోకి ఎక్కిస్తారు. అక్కణ్ణుంచి మెల్లగా రక్తంలోకి దిగి ఒళ్ళంతా తిరుగుతుంది. స్టిరాయిడ్ కనుక కణం పొర దాటగలదు. కానీ దాన్ని పట్టుకునే రిసెప్టర్ ఉన్న కణమే స్పందిస్తుంది. హార్మోన్‌తో కలిసిన రిసెప్టర్ డీఎన్ఏ మీద చేరి కొన్ని జన్యువుల పని పెంచుతుంది, కొన్నిటిది తగ్గిస్తుంది. ఆ రిసెప్టర్లు మెదడులో, గర్భాశయంలో, రొమ్ముల్లో ఉన్నాయి. అందుకే అండం విడుదల ఆగడంతో కథ ఆగదు. కొందరికి నెలసరి నెలల తరబడి రాదు, కొందరికి చుక్కలు చుక్కలుగా అవుతూనే ఉంటుంది. వీటిని ‘సైడ్ ఎఫెక్టులు’ అంటాం. కణానికి మాత్రం అసలు పని, పక్క పని అన్న తేడా లేదు! మాత్రనైతే మర్నాడే మానెయ్యొచ్చు. ఒంట్లోకి ఎక్కిన ఇంజెక్షన్‌ను వెనక్కి తియ్యలేం. కాబట్టి సమాచారం సూది కన్నా ముందు చేరాలి.

2000లో కేసు ముగిసింది. నెట్-ఎన్‌ను సామూహికంగా ఇవ్వడం తగదని ప్రభుత్వం ఒప్పుకుంది. 2017లో డీఎంపీఏ అనే మరో ఇంజెక్షన్, మూడు నెలలకోసారి, ‘అంతర’ పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. తెలిసి, కోరి తీసుకునే స్త్రీని నేను తప్పుపట్టను. నా పట్టింపంతా ఆ ‘తెలిసి’ దగ్గరే.

ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది. ఒకప్పుడు నాచారంలో ఉన్న సీడీఎఫ్‌డీ ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. కణాల లోపలి సంగతులు ఇంత దగ్గరలో చదువుతున్నారు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళే స్త్రీకి అందులో ఎంత చేరుతోంది? ఆమె భాషలో, ఆమె అడిగే తీరిక దొరికేలా ఎవరు చెబుతున్నారు? పటాన్‌చెరు స్త్రీల తరఫున మనం ఇప్పటికీ అడగాల్సింది ఇదే.